పాత కంప్యూటరులో ఏవి ఉండవలెను?

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థవారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 పాత యంత్రములను చాలవఱకు అంగీకరింపదు. కావున చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి ప్రాంతములలో ఇండ్లయందును పాఠశాలలయందును ఉన్న పాత కంప్యూటర్లను ఇక మూలకు నెట్టవలసినదేనా యని తలిదండ్రులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. నెట్టనక్కరలేదు. వానిలో లినక్స్ వ్యవస్థను నెలకొల్పుకొనవచ్చును. అయితే అందులో ఏ యే అప్లికేషనులను ఉంచవలెను, వేనిని విడువవలెను అనునది కొంత ఆలోచించి తేల్చుకొనవలసిన విషయము.

లినక్స్ అనగా నేమో మొదట రెండు మాటలలో చెప్పుదుము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, అందఱును చదువుకొని, మార్చుకొని, పంచుకొనదగిన గ్నూ అను వ్యవస్థను నిర్మింప సంకల్పించెను. యంత్రమును నడపు మూలభాగమునకు కెర్నెలు అని పేరు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అట్టి కెర్నెలును స్వంతముగా వ్రాసి ప్రకటింపగా రెండును కలిసినవి. ఇవియు, వేలకొలది అప్లికేషనులును చేర్చి పంచిపెట్టు కూటములు పెక్కు గలవు. 1993లో ఆరంభమైన డెబియన్ వానిలో ఒకటి. దానికి వెల లేదు.

అప్లికేషనులను తగ్గింపుడని పలువురు చెప్పుదురు. ఏల తగ్గింపవలెనో చెప్పువారు తక్కువ. డిస్కులో ఊరక పడియున్న అప్లికేషను అటకమీది పాత్రవంటిది. చోటు ఆక్రమించునే కాని వంటకు అడ్డము రాదు. యంత్రమును మందగింపజేయునవి మనకు కనబడకుండ తెఱవెనుక ఎల్లవేళల నడుచుచుండునవి. రెండు గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్న యంత్రములో గ్నోమ్ వంటి బరువైన డెస్క్‌టాపును పెట్టి, పిదప నాలుగు ఆటలను తీసివేసినందువలన ఒరుగునది లేదు. మొదటనే ఎక్స్‌ఎఫ్‌సిఇ వంటి తేలికపాటి డెస్క్‌టాపును ఎన్నుకొనుట మేలు. బ్రౌజరు విషయమునను జాగ్రత్త వలయును. పది పుటలు ఒక్కమాఱు తెఱచిన బ్రౌజరు, తక్కిన అప్లికేషను లన్నియు కలిసి తినుదానికంటె ఎక్కువ మెమరీ తినును.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ముఖ్యవిషయము. ఇంగ్లీషు మాత్రమే వాడుకొనువారు, ఇరువదినాలుగు గంటలు ఇంటర్నెట్టు గలవారు తమకై కూర్చుకొనిన పట్టికలలో ఈమెయిలు అప్లికేషను అవసరముగను, భారతీయ లిపుల ఫాంట్లు అదనముగను కనబడును. మనకు క్రమము తలక్రిందులు. మన పిల్లల పాఠములు తెలుగు; తాలూకా కార్యాలయపు దరఖాస్తు కన్నడము. చింతామణి తాలూకాలోని కైవారము తాతయ్య రెండు భాషలలోను రచించినవాడు. ఆయన రచనలలో సగమే కనబడు యంత్రము మన ఇంట ఏల? కావున మొట్టమొదట చేర్చవలసినవి తెలుగు ఫాంట్లును కన్నడ ఫాంట్లును. డెబియన్‌లో లోహిత్ ఫాంట్లు రెండు లిపులకును కలవు. తెలుగునకు పోతన, వేమన ఫాంట్లు కూడ లభించును. యూనికోడులో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి; ఆ వెంటనే వచ్చు 128 స్థానములు కన్నడమువి. అక్కడను మనము ఇరుగుపొరుగు వారమే.

టైపు చేయుటకు వేఱు అప్లికేషను కావలెనా? చాలమంది కావలెననుకొందురు. కాని ఇన్‌స్క్రిప్ట్ అమరిక లినక్స్ కీబోర్డు ఏర్పాటులలోనే ఉన్నది, ఎన్నుకొనిన చాలును. ఈ అమరికలో ‘క’కారమునకు తెలుగునందును కన్నడమునందును ఒకటే మీట. ఒక లిపిలో వ్రేళ్ళు అలవడిన విద్యార్థి రెండవదానిని మరల మొదటినుండి నేర్చుకొననక్కరలేదు. కన్నడిగులకు పరిచితమైన కగప అమరిక కూడ తెలుగునకు కలదు. అది కన్నడ గణక పరిషత్తువారిది. పొరుగుభాషవారి కృషి మనకు ఉపకరించిన సంగతి విద్యార్థులకు తెలియవలెను.

తక్కినవానిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క అప్లికేషను చాలును. పాఠ్యపుస్తకములు పిడిఎఫ్ రూపమున లభించుచున్నవి గనుక వానిని చదువుటకు ఒకటి తప్పదు. పాత నుడి, అను ఫాంట్లతో సిద్ధపఱచిన పత్రములు ఆ ఫాంట్లు లేనిచోట అర్థములేని గీతలుగా కనబడును. పంపువారిని పిడిఎఫ్‌గా పంపుడని కోరుటయే మార్గము. లిబ్రె ఆఫీసు మొత్తము అక్కరలేదు. డెబియన్‌లో దాని భాగములు విడివిడిగా దొరకును. వ్యాసములకు రైటరు, మార్కుల పట్టీకిని ఇంటి లెక్కలకును క్యాల్కు, ఈ రెండు చాలును. ఫైర్‌ఫాక్సు బ్రౌజరు, చిన్న టెక్స్ట్ ఎడిటరు, పాటలకును పాఠములకును వి.ఎల్.సి. ఉండనిండు. ఈమెయిలు అప్లికేషను వద్దు. ఉత్తరములు బ్రౌజరులోనే చూచుకొనవచ్చును. ఫోటోలు దిద్దు గింప్ గొప్పదే కాని రెండు గిగాబైట్ల యంత్రమునకు భారము. ఆటల విషయమున తలిదండ్రులతో మేము పూర్తిగా ఏకీభవింపము: ఒక చదరంగము ఉన్నంతమాత్రమున చదువు చెడదు.

కివిక్స్ ఏ పట్టికలోను సాధారణముగా కనబడదు. మేము మాత్రము దానిని తప్పక చేర్చుదుము. ఇంటర్నెట్టు లేకున్నను వికీపీడియాను చదివించు సాధనము అది. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను ఒక్కమాఱు దింపుకొనిన, కరెంటు తప్ప మఱేమియు అక్కరలేదు. తెలుగు గ్రంథాలయము దాపున లేని పల్లెలో దీని విలువ ఇంతయని చెప్పజాలము. ఇది డిస్కులో మిగిలిన అప్లికేషనులకంటె ఎక్కువ చోటు కోరినను వెనుకాడనక్కరలేదు. పైన చెప్పినట్లు మందగింపజేయునది డిస్కు కాదు.

ఒక హెచ్చరిక. డెబియన్ ఒక అప్లికేషనును చేర్చునప్పుడు దానికి తోడుగా ఉండదగినవానిని కూడ తెచ్చును. వలదని ఆపివేయు మార్గము కలదు. కాని ఆ ఉత్సాహములో వైఫై గుర్తు కనబడకపోవచ్చును, ప్రింటరు పలుకకపోవచ్చును. ఇంటర్నెట్టు దండిగా ఉన్నచోట ఏది లోపించినను క్షణములో తెచ్చుకొందురు. లేనిచోట అది మఱునాటి ప్రయాణమగును. అందుచేత సందేహము కలిగిన అప్లికేషనును పల్లెయింటి యంత్రములో ఉంచుటయే మంచిది. తీసివేయుట ఎప్పుడైనను సులభమే.

యంత్రము మఱీ పాతదైనచో 64 బిట్లదో కాదో ముందుగా తెలిసికొనవలెను. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13కి 32 బిట్ల యంత్రములపై స్థాపించు ఏర్పాటు లేదు. సరిపడునని తెలిసిన పిదప, డిస్కును ముట్టకుండ యు.ఎస్.బి. నుండియే డెబియన్‌ను నడిపి చూడవచ్చును. వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేయుచున్నవేమో అప్పుడే గమనింపవలెను. స్థాపనకు పూనుకొనుటకు ముందు ఇంటిలోని ఫోటోలు, పత్రములు వేఱొక చోట నకలు చేసికొనవలెను. స్థాపించునపుడు డిస్కుపై నున్నది చెఱిగిపోవచ్చును.