చెట్టు మీంచి పడ్డవారిని లేపి కూర్చోబెట్టొద్దు

తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, కొబ్బరి దింపు తీసే కూలీ, గట్ల మీద ట్రాక్టరు తోలే రైతు... ఈ ముగ్గురికీ పొంచి ఉన్న ముప్పు ఒకటే. వెన్నుకు గట్టి దెబ్బ తగిలితే ప్రాణం దక్కినా కాళ్లు పడిపోతాయి. వానకు మాను తడిసి మోకు జారినా, గట్టు దిగేటప్పుడు ట్రాక్టరు తిరగబడినా, లారీ మీంచి ధాన్యం బస్తా మెడ మీద పడినా జరిగేది ఇదే. ఆ దెబ్బ ఎంత ముదురుతుందన్నది కొంతవరకు పడ్డ చోట మనం చేసే పని మీద ఆధారపడి ఉంటుంది.

వెన్నులో ఏముంది?

వెన్నెముకలో మెడకు 7, వీపుకు 12, నడుముకు 5 పూసలు ఉంటాయి. వాటి కింద కలిసిపోయిన చిన్న పూసలు మరికొన్ని. ఈ పూసల లోపలి దారిలో వెన్నుపాము దిగుతుంది. చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. కాలు కదలాలని మెదడు చెప్పినా, కాలికి ముల్లు గుచ్చుకున్న కబురు మెదడుకు చేరినా దీంట్లోంచే. బోరు మోటారుకు కరెంటు తీగ ఎట్లాగో కాళ్లకు ఇది అట్లా. తీగ తెగితే మోటారు బాగానే ఉన్నా తిరగదు. అయితే కరెంటు తీగను అతుకు వేసుకుంటాం. తెగిన వెన్నుపామును మళ్లీ మామూలుగా చేసే మందు ఇంతవరకు లేదు.

ఎత్తు నుంచి పడి పిరుదుల మీదో మడమల మీదో కూలబడితే భారమంతా వీపు, నడుము కలిసే చోట పడుతుంది. అక్కడ పూస నలిగి, ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కితే రెండు కాళ్లూ పోతాయి. మెడ పూస విరిగితే చేతులు కూడా పడిపోతాయి. మెడ పైభాగంలో అయితే ఊపిరే అందదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గిన బావిలోకి తలకిందులుగా దూకే కుర్రాళ్లకు విరిగేది ఎక్కువగా మెడే.

చాలామంది దీన్ని కూడా పక్షవాతమే అనుకుంటారు. పక్షవాతం మెదడులో రక్తనాళం మూసుకుపోయో చిట్లో వస్తుంది. అందులో సాధారణంగా ఒక పక్కే పడిపోతుంది. దెబ్బ తగిలి కాళ్లు పడిపోయినవారికి పసరు మందు పోస్తూ, నడుము తోమిస్తూ కూర్చుంటే ఉన్న ఆశ కూడా పోతుంది.

పడ్డ చోట ఏం చేయాలి?

మనవాళ్లు కంగారులో కాళ్లొకరు చేతులొకరు పట్టి ఎత్తుతారు. కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తీసుకుపోతారు. విరిగిన పూస ముక్క జరిగి, కొంత మిగిలి ఉన్న నరం కూడా నలిగిపోయేది ఇక్కడే.

- పడ్డ మనిషిని పడ్డట్టే ఉంచాలి. తల అటూ ఇటూ తిప్పకూడదు. మెడకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టాలి.
- వెంటనే 108కు ఫోన్ చేయాలి.
- తప్పనిసరై కదపాల్సి వస్తే నలుగురు పట్టాలి. ఒకరు తలను పట్టుకోగా మిగతావారు దుంగను దొర్లించినట్టు ఒక్కసారే పక్కకు తిప్పి, కిందికి చెక్క పలకో, తలుపు రెక్కో తోయాలి.
- కాళ్లు కదులుతున్నాయా, స్పర్శ తెలుస్తోందా అడిగి డాక్టరుకు చెప్పాలి.

నొక్కుకున్న నరానికి ఆపరేషన్ అవసరమైతే ఎంత తొందరగా జరిగితే అంత మేలు. నరం పూర్తిగా తెగకుండా ఉన్నవారిలో కొంత బలం తిరిగి రావచ్చు. దీనికి నెలలు పడుతుంది.

ఇంటికొచ్చాక అసలు సేద్యం

కాళ్లతోపాటు మూత్రం, మలం మీద పట్టు పోతుంది. స్పర్శ తెలియదు కాబట్టి ఒకే వైపు పడుకుంటే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. అవి ఎముక దాకా పోయి ప్రాణం తీస్తాయి. ప్రతి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిరుదులు, మడమలు రోజూ చూడాలి. మూత్రం నిలవుంటే మూత్రపిండాలు చెడతాయి. డాక్టరు నేర్పినట్టు శుభ్రమైన గొట్టంతో వేళకు తీయాలి. కీళ్లు బిగుసుకుపోకుండా కాళ్లను రోజూ ఆడించాలి. ఇంట్లో ఆడవాళ్ల మీదే ఈ భారమంతా పడుతుంది. అందుకని ఇంటిల్లిపాదీ వంతులు వేసుకోవటం మంచిది. రోగి మనసు కూడా కుంగిపోతుంది. లెక్కలు రాయటం, దుకాణం చూసుకోవటం వంటి పనేదైనా అప్పజెప్పాలి.

సర్టిఫికెట్ మరవొద్దు

వికలత్వం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే పింఛను, ఇతర సాయాలకు దారి. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో రూ. 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రూ. 6,000కు పెంచారు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ. 15,000 చేశారు. ఆస్పత్రి కాగితాలు, ఎక్స్‌రేలు పారేయకుండా దాచుకోవాలి.

పడకుండా చూసుకోవటమే మేలు

గీత కార్మికులకు రక్షణ తాళ్లు, పట్టీలతో ‘కాటమయ్య రక్ష కవచం’ కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో మొదలుపెట్టింది. బరువనో, అలవాటు లేదనో వాటిని ఇంట్లో దూలానికి తగిలించొద్దు. పాత మోకు పోగులు లేస్తే మార్చేయాలి. వాన వెలిసిన వెంటనే చెట్టెక్కొద్దు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద మనుషుల్ని ఎక్కించుకోవద్దు. ఒక పూట కల్లు తగ్గితే మర్నాడు గీసుకోవచ్చు. నడుము విరిగితే ఆ ఇల్లే కూలబడుతుంది.