బీరువాలో పెళ్లి క్యాసెట్లున్నాయా?

1980ల చివర్లోనో, 1990ల్లోనో పెళ్లిళ్లు జరిగిన ఇల్లయితే పట్టుచీరల అడుగునో, అటక మీదో వీడియో క్యాసెట్లు ఉండే ఉంటాయి. వాటిని వేసి చూసుకునే వీసీఆర్ మాత్రం ఉండదు. అందరూ మానేశాక కూడా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. అంచేత క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎంత త్వరగా ఎక్కించుకుంటే అంత మంచిది. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం మెషీన్‌లో పెట్టనివ్వకండి. ముందు శుభ్రం చేయించాలి.

ఎక్కించడం స్టూడియోవాళ్ల పని. ఆ తర్వాతి పని మనం ఇంట్లోనే చేసుకోవచ్చు. నేను చెప్పబోయేది దాని గురించే.

మా ఆడపడుచు పెళ్లి 1993లో అయింది. మూడు గంటల క్యాసెట్. అందులో అప్పగింతలప్పుడు మా మామగారు వియ్యంకుడితో నాలుగు మాటలు మాట్లాడతారు. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క చోటే. అమెరికాలో ఉన్న ఆడపడుచు ఎప్పుడు ఫోన్ చేసినా "వదినా, నాన్న మాట్లాడేది పంపవూ" అని అడిగేది. స్టూడియోలో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చారు. చూద్దును కదా, ఒక్క ఫైలే 39 జీబీ! ఫోన్లో పట్టదు, టీవీ గుర్తుపట్టదు. చిన్నది చేసివ్వమంటే చేశారుగానీ, పెళ్లికూతురి మొహం అప్పడంలా వెడల్పయిపోయింది. పాత టీవీ కొలతలో ఉన్న బొమ్మని కొత్త టీవీ కొలతకి సాగదీశారన్నమాట. ఇక మనమే నేర్చుకుందామని కూర్చున్నాను.

ఈ చిన్నది చెయ్యడాన్నే ఎన్‌కోడింగ్ అంటారు. వీడియో అంటే సెకనుకి 25 బొమ్మలు. అన్నింటినీ విడివిడిగా దాచుకుంటే కొండంత అవుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ఒక బొమ్మని పూర్తిగా దాచి, తర్వాతి బొమ్మల్లో మారినదాన్ని మాత్రమే రాసుకుంటుంది. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే అందరూ కదలకుండా కూర్చునే చోట మారేదేముంది? కాస్త చోటు చాలు. తలంబ్రాల దగ్గర అలా కుదరదు. చేతులూ కదులుతాయి, ప్రతి గింజా కదులుతుంది. అక్కడ పిసినారితనం చేస్తే బియ్యం ముద్దకట్టి, మొహాలు గళ్లుగళ్లుగా తయారవుతాయి. ఒకసారి వదిలేసిన వివరం మళ్లీ ఏం చేసినా తిరిగి రాదు. కాబట్టి స్టూడియోవాళ్లిచ్చిన పెద్ద ఫైలుని ఎట్టి పరిస్థితుల్లోనూ చెరిపెయ్యకండి.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడమే పెద్ద తలనొప్పి. "ఫ్రీ వీడియో కన్వర్టర్" అని వెతికితే బోలెడు వస్తాయి. కొన్ని సగం పని చేసి డబ్బులడుగుతాయి. కొన్ని పెళ్లికొడుకు నుదుటి మీద తమ కంపెనీ పేరు వేస్తాయి. వీడియోని తమకి పంపిస్తే మార్చి ఇస్తామనే సైట్ల జోలికి నేనైతే వెళ్లను. మన ఇంటి ఆడపిల్లల వీడియో ఎవరి కంప్యూటర్‌లోకో ఎందుకు? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని చాలా గొప్పది ఒకటుందిగానీ దానికి ఆజ్ఞలు టైపు చెయ్యాలి. మొదటిసారి చేసేవాళ్లకి అది పనికిరాదని నా అభిప్రాయం. వీఎల్‌సీ కూడా మారుస్తుంది, కాకపోతే నాణ్యత మన చేతిలో అంత సులువుగా ఉండదు.

నాకు నచ్చింది హ్యాండ్‌బ్రేక్. 2003లో ఎరిక్ పెటి అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. పూర్తిగా ఉచితం, ప్రకటనలుండవు. అనాసపండు పక్కన గ్లాసు, అదీ దాని గుర్తు. వీడియోకీ అనాసపండుకీ ఏం సంబంధమో మరి! హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్‌ఆర్ అనే సొంత సైటు నుంచే దించుకోండి. పేరు చూసి మోసపోయేలా నకిలీలు కూడా ఉంటాయి. ఇది ఫోన్లో పనిచెయ్యదు, కంప్యూటరో లాప్‌టాపో ఉండాలి.

తెరవగానే బొత్తాలు చూసి బెదిరిపోకండి. మనకి కావలసినవి నాలుగైదే. ఫైలు తెరిచి, ప్రీసెట్ల జాబితాలో "ఫాస్ట్ 576పి25" పట్టుకోండి. మన దేశపు పాత క్యాసెట్లు పాల్ పద్ధతివి, అంటే 576 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. 1080 పెద్ద అంకె కదా అని ఆశపడితే లాభం లేదు, క్యాసెట్లో లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264 ఉంచండి. హెచ్.265తో ఫైలు ఇంకా చిన్నదవుతుందిగానీ పాత టీవీలు దాన్ని చదవలేవు.

తర్వాత ఫిల్టర్స్‌లోకి వెళ్లండి. పాత టీవీ కోసం ఒక్కో బొమ్మనీ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసేవారు. కంప్యూటర్లో చూస్తే కదిలే చెయ్యి అంచుల్లో దువ్వెన పళ్లలా కనిపించేది అదే. "డీఇంటర్లేస్" దగ్గర "డీకోంబ్" ఉందో లేదో చూసుకోండి. కోంబ్ అంటే దువ్వెనేగా!

ఇక నాణ్యత అంకె. ఇది తిరకాసు వ్యవహారం. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఇలాంటి వీడియోలకి 18 నుంచి 22 మధ్య పెట్టుకోమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే సలహా ఇస్తారు. ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవడానికి మూడు గంటలూ మార్చి చూడక్కర్లేదు. "రేంజ్" దగ్గర సెకన్లు ఎంచుకుని, తలంబ్రాలు వచ్చే రెండు నిమిషాలు మాత్రమే 18తో ఒకసారి, 22తో ఒకసారి చెయ్యండి. రెండూ టీవీలో వేసి, మొహాలూ గింజలూ చూడండి. మా అత్తయ్యకి 22లో నగల మెరుపు తగ్గిందనిపించింది. 20 దగ్గర రాజీ పడ్డాం. మూడు గంటల క్యాసెట్ రెండున్నర జీబీకి దిగింది. మా పాత లాప్‌టాప్‌కి రెండు గంటలు పట్టింది. మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలావాటిలో 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటిగా ఎక్కదు కాబట్టి ఆ బెడదా తీరింది.

ధ్వని దగ్గర పొదుపు చెయ్యకండి. బొమ్మతో పోలిస్తే అది తినే చోటు చాలా తక్కువ. ప్రీసెట్‌లో ఉన్న 160ని అలాగే ఉంచి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. సన్నాయి బాగానే వినిపిస్తుంది, మాటలు స్పష్టంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

అదే రేంజ్‌తో అప్పగింతల నాలుగు నిమిషాలు విడిగా తీశాను. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా యథాతథంగా వెళుతుంది. "మా పిల్లకి చీకటంటే భయం బావగారూ, వరండాలో లైటు ఉంచండి" అంటారు మామగారు. ఆడపడుచు రెండు రోజుల దాకా ఫోన్ చెయ్యలేదు. మూడో రోజు చేసి, "వదినా, మా మామగారు ఆ లైటు నిజంగానే ఉంచేవారు" అంది. నాకూ తెలియదు ఆ సంగతి.

కొత్త ఫైలుని మొదట్నుంచి చివరిదాకా ఒకసారి కూర్చుని చూడండి. మధ్యలో ధ్వని పోయినా, బొమ్మ ఆగినా అప్పుడే తెలుస్తుంది. పెద్ద ఫైలున్న హార్డ్‌డిస్క్‌కి ఇంకో నకలు తీసి వేరే ఊళ్లో, పుట్టింట్లోనో చెల్లెలి దగ్గరో పెట్టించండి. క్యాసెట్లు నాలుగైదు ఉంటే "యాడ్ టు క్యూ" నొక్కి వరసలో పెట్టేస్తే, రాత్రి మనం పడుకున్నాక అదే ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోతుంది. లాప్‌టాప్‌ని మాత్రం పరుపు మీద పెట్టకండి, బాగా వేడెక్కుతుంది.