జెనీవాకు రాసే ముందు నరసరావుపేటలో ఇవ్వాల్సిన కాగితం

"ఐక్యరాజ్యసమితికి రాద్దామా?" పల్నాడులో ఎక్కడ గొడవ జరిగి దళిత కుటుంబాలు ఊరు విడిచినా, మా చర్చల్లో ఎవరో ఒక విద్యార్థి ఈ మాట అడుగుతారు. పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ ప్రశ్న అమాయకమైంది కాదు. ఆ నవ్వులో కొంత అనుభవం ఉంది కానీ అది పూర్తి జవాబు కాదు. అంతర్జాతీయ సంస్థలు మన పల్లెల దాకా ఎందుకు రావు, వాటితో మనకు పనికొచ్చేది ఏమిటి అన్నది ఇక్కడ విడమర్చి చెప్పదలిచాం.

సంక్షోభం అని ఎవరు అనాలి?

2019 సెప్టెంబరులో దుర్గి మండలం ఆత్మకూరు, మరికొన్ని పల్నాడు గ్రామాల కుటుంబాలు గుంటూరులో ఒక శిబిరంలో తలదాచుకున్నాయి. ఆత్మకూరు వాళ్లలో చాలామంది దళితులు. సెప్టెంబరు 11న 'చలో ఆత్మకూరు' పిలుపు, 144 సెక్షన్, నాయకుల గృహ నిర్బంధాలు. వెళ్లగొట్టారని ఒక పార్టీ, అదంతా నాటకమని మరో పార్టీ. 2024 మే 13 పోలింగ్ తర్వాత మాచర్ల, నరసరావుపేట, గురజాల మళ్లీ రగిలాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. రెండుసార్లూ వార్త పార్టీల చుట్టూనే తిరిగింది. ఇంటికి తాళం వేసి పిల్లలతో, పశువులతో బయటపడ్డవాళ్లు ఆ వార్తలో సాక్ష్యంగా మిగిలారే తప్ప మనుషులుగా కనిపించలేదు.

ఐక్యరాజ్యసమితి భాషలో వాళ్లకు ఒక పేరుంది: అంతర్గత నిర్వాసితులు. 1998 నాటి మార్గదర్శక సూత్రాల ప్రకారం హింస వల్లనో, హక్కుల ఉల్లంఘన వల్లనో ఇల్లు వదిలి, దేశ సరిహద్దు దాటనివాళ్లు ఈ కోవలోకి వస్తారు. పుట్టుకను బట్టి, సామాజిక మూలాన్ని బట్టి వాళ్ల మధ్య వివక్ష చూపకూడదని కూడా ఆ సూత్రాలు చెబుతాయి. అయితే ఇవి ఒప్పందం కాదు. పాటించకపోతే ప్రభుత్వాన్ని నిలదీసే న్యాయస్థానం లేదు.

పిలవనిదే రారు

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బతికినవాళ్లు తెనాలిలో శిబిరం వేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 19న ఐరాస సర్వసభ్య సభ 46/182 తీర్మానం చేసింది. మానవతా సాయం ఎలా అందాలో ఇప్పటికీ దాన్నిబట్టే నడుస్తోంది. అందులో కీలకమైన షరతు ఏమిటంటే, బాధిత దేశం సమ్మతితో, సూత్రప్రాయంగా ఆ దేశం కోరితేనే సాయం రావాలి.

కొత్తగా స్వతంత్రమైన దేశాలు పెద్ద దేశాల జోక్యానికి భయపడ్డాయి. ఆ భయంలో న్యాయముంది. కానీ దాని ఫలితం మనకు వేరేగా తగులుతుంది. ఊరివాళ్లు వెళ్లగొట్టినప్పుడు, పోలీసులు పట్టించుకోనప్పుడు బయటివాళ్లను పిలవాల్సింది ఎవరు? ఆ ప్రభుత్వమే. 2004 సునామీలో, 2018 కేరళ వరదల్లో కూడా విదేశీ ప్రభుత్వాల సాయం అక్కర్లేదన్న దేశం మనది. పల్లె గొడవకు పిలుస్తుందా?

వచ్చినా కులం అడ్డం

సునామీ మరో సంగతి కూడా నేర్పింది. తమిళనాడు తీరంలో యునిసెఫ్ పెట్టించిన తాగునీటి ట్యాంకుల దగ్గర దళితులను నీళ్లు పట్టుకోనివ్వలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. సహాయ శిబిరాల్లో వివక్షను హక్కుల సంఘాలు నమోదు చేశాయి. ట్యాంకు అంతర్జాతీయమే, కుళాయి దగ్గర మాత్రం ఊరి కులమే నిలబడింది. చాపకూడు కథ వినని ఇల్లు పల్నాడులో ఉండదు. అందరికీ ఒకే పంక్తి అని ప్రకటిస్తే సరిపోదు, గరిటె ఎవరి చేతిలో ఉందో చూడాలి. బాధితుల జాబితా ఎవరు రాశారు, సరుకులు ఏ వీధిలో దించారు అని అడగని సంస్థ ఎంత మంచిదైనా సాయం పల్లెకు చేరదు.

మరి జెనీవా ఎందుకు?

జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1968లో ఆమోదించింది. 2001 డర్బన్ సదస్సులో కులం ప్రస్తావన రాకుండా మన ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది. దళిత సంఘాలు అంతే గట్టిగా పట్టుబట్టాయి. మరుసటి ఏడాది ఆ ఒప్పందం అమలు చూసే కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో, పుట్టుక ఆధారిత వివక్ష అంటే కులం కూడా అని తేల్చింది. 2007లో భారత్‌ను సమీక్షించినప్పుడు అదే మాట మీద నిలబడింది. కులం జాతి కాదు అన్న వాదన దగ్గరే ప్రభుత్వం ఆగిపోయింది.

ఇవి కాక ప్రత్యేక నివేదకులున్నారు. బాధితుల తరఫున ఎవరైనా వాళ్లకు రాయవచ్చు. వాళ్లు ప్రభుత్వానికి లేఖ రాస్తారు, అరవై రోజులు గడువిచ్చి ఆ తర్వాత లేఖను బయటపెడతారు. ఆ లేఖ ఎవరినీ అరెస్టు చేయదు, ఎవరినీ తిరిగి ఇంటికి చేర్చదు. కాకపోతే "అది రెండు పార్టీల గొడవ" అని కొట్టేసిన సంగతి హక్కుల ఉల్లంఘనగా రికార్డుకెక్కుతుంది.

మొదటి కాగితం ఇక్కడే

ఆ రికార్డుకు ముడిసరుకు జెనీవాలో దొరకదు. ఎస్సీ, ఎస్టీలను ఇల్లు గానీ ఊరు గానీ విడిచిపోయేలా చేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్) కింద నేరం. నిబంధన 12(4) ప్రకారం ఏడు రోజుల్లో తిండి, నీళ్లు, బట్టలు, నీడ, వైద్యం వంటి తక్షణ సాయం అందించాలి. బాధితులు ఏ పార్టీకి ఓటేశారన్నది చట్టం అడగదు. నిందితులు ఎస్సీ, ఎస్టీలు కాకూడదని మాత్రం అడుగుతుంది. పార్టీ గొడవల్లో రెండు వైపులా దళితులే ముందు నిలబడే పల్నాడులో ఇది చిన్న చిక్కు కాదు. వెనక నుంచి నడిపించిన వాళ్ల పేర్లు ఫిర్యాదులో లేకపోతే చట్టం చేజారుతుంది.

చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం వచ్చేస్తుందని మేం చెప్పడం లేదు. చుండూరు ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అయినా ఆ కోర్టు ఊరికి రావడం వెనక తెనాలి శిబిరం ఉంది. అంతకుముందు 1985 కారంచేడు తర్వాత చీరాల శిబిరం ఉంది. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోనే. అక్కడ మొదట స్పందించిన సంస్థ బాధితులే.

కాబట్టి ఆ విద్యార్థికి మా జవాబు: రాద్దాం. ముందు శిబిరంలో కూర్చుని ఒక్కో కుటుంబం వివరం రాద్దాం. ఏ రోజు బయల్దేరారు, ఎవరు బెదిరించారు, చేలో ఏ పంట వదిలేశారు, పిల్లల బడి ఎన్నాళ్లు ఆగింది, రేషన్ ఎక్కడ తీసుకుంటున్నారు. దాని మీద వాళ్లతోనే సంతకాలు పెట్టించి నరసరావుపేట కలెక్టరేట్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. ఏడు రోజులు లెక్కపెడదాం. ఎనిమిదో రోజున ఆ కాగితం నకలు జెనీవాకు పంపుదాం. అప్పుడు అక్కడివాళ్లు చదివేది మన ఆవేదన ఒక్కటే కాదు, మన ప్రభుత్వం తప్పిన గడువు కూడా.