కొమ్ముల కిన్నెర... గవర్నరుపేట స్టూడియోలో!

"మావయ్యా, నాకు రెండు కొమ్ములు కావాలి" అంది మా మేనకోడలు.

పాస్‌పోర్ట్ ఫోటోలూ, పెళ్లిచూపుల ఫోటోలూ తీసుకుని బతికే స్టూడియోవాణ్ణి నేను. గవర్నరుపేటలో నా మెట్లెక్కి రకరకాల కోరికలు కోరినవాళ్లున్నారు గానీ, కొమ్ములడిగింది మాత్రం ఈ పిల్లే!

సంగతేమిటంటే, సెల్‌ఫోన్లో ఆడే 'గెన్‌షిన్ ఇంపాక్ట్' అని ఓ ఆట ఉంది. చైనావాళ్లు 2020లో విడుదల చేశారు. అందులో నీలూ అని ఓ నర్తకి 2022లో వచ్చింది. ఎర్రటి పొడుగాటి జుట్టు, నీలం దుస్తులు, తలమీద కొమ్ములు, వాటి వెనక జారే తెల్లని మేలిముసుగు. అడుగేస్తే నీళ్లు తరంగాలవుతాయి. అచ్చం ఆ పిల్లలా తయారై ఒక్క ఫోటో దిగాలట. దీన్ని కాస్‌ప్లే అంటారు. జపాన్‌లో 1980లలో పుట్టిన మాట. పేరు కొత్తదేగానీ, మన పగటివేషగాళ్లు ఎప్పుడో ఎరుగుదురు లెండి!

"ఇంతమంది ఉండగా ఆ పిల్లే ఎందుకే?" అన్నాను.

"ఆవిడ డాన్స్ చేస్తుంది" అంది. అంతే. ఇంకేం అడగలేదు నేను. ఇంటర్‌లో చేరిన రోజున దీని గజ్జెలు అటకెక్కాయి. రెండేళ్లు హాస్టలు, కోచింగు. వచ్చేనెల ఇంజనీరింగుకి మద్రాసు ప్రయాణం. (చెన్నై అనాలి, నా నోరు తిరగదు.) అటకెక్కించింది మా బావగారే. ఆయన్ని తప్పుపట్టను. ఫీజులు కట్టేవాడి బాధ ఆయనది.

వేషం కుదరడమంటే ఏమిటో కృష్ణా జిల్లావాళ్లకి ఒకరు చెప్పాలా? మన నిమ్మకూరు రామారావుగారు అంతకుముందు ఓ బొమ్మలో కృష్ణుడిగా కనబడితే జనానికి నచ్చలేదు. అందుకే 'మాయాబజార్'లో కృష్ణుడు మీరేనని కె.వి.రెడ్డిగారు అన్నప్పుడు ఆయన వెనకాడారు. కిరీటం తీరు మార్చారు, అలంకరణ మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. 1957లో ఆ బొమ్మ వచ్చాక తెలుగువాడికి కృష్ణుడంటే ఆ ముఖమే! మనిషి అదే మనిషి మరి.

మా కిరీటం కథ వినండి. ముందు ఫోమ్ షీటు కోసి, హెయిర్ డ్రైయరుతో వేడిచేసి కొమ్ములు వంచింది. చూడముచ్చటగానే ఉన్నాయి. నెత్తిన పెట్టి ముసుగు తగిలించేసరికి మేకపిల్ల చెవుల్లా వాలాయి! నేను పగలబడి నవ్వాను. అది ఏడ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

అప్పుడు తట్టింది నాకు. కూచిపూడి వేషాల నగలు పూర్వం తేలిక కర్రతోనే చేసేవారు. గంటల తరబడి ఆడాలి కదా. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా నడిచొస్తుంటే, ఆయన మగవాడన్న సంగతి ఎదురుగా కూర్చున్నవాళ్లకే గుర్తుండేది కాదు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు, 2012లో పోయారు. మరి కర్ర అంటే కొండపల్లి! బొమ్మలు చేసే ఓ పెద్దాయన పొణికి కర్రతో కొమ్ములు చెక్కి, అతుకులకి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కు పెట్టి, సున్నం పూసిచ్చాడు. "అమ్మాయి దెయ్యం వేషమా?" అని మాత్రం అడిగాడు. చేతిలో పెట్టుకుంటే కాకరకాయంత బరువు లేవు. రంగులు పిల్లే వేసుకుంది.

వస్త్రలతలో గుడ్డ కొన్నాం. శాటిన్ వద్దన్నాను, లైటు పడితే గాజుపలకలా మెరిసి చంపుతుంది. క్రేపు తీసుకున్నాం. నగలు చిలకలపూడి రోల్డుగోల్డు. ఎర్ర విగ్గు మరీ ప్లాస్టిక్ బొమ్మలా నిగనిగలాడుతుంటే టాల్కం పౌడరు అద్ది దువ్వాం, మెరుపు చచ్చింది. టైలరు మాత్రం బొమ్మని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ముందేది, వెనకేది సార్?" అన్నాడు!

ఇక ఫోటో. స్టూడియో నేలమీద నల్ల ప్లాస్టిక్ పరిచి అర అంగుళం నీళ్లు పోశాం. వైర్లన్నీ స్టూళ్ల మీదికెక్కించాను. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉంటే కళ గిళ జాన్తానై! వెనకనుంచి నీలం కాగితం కట్టిన ఒకే లైటు. స్టూడియోలో దీపాలతో వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్‌లీని మనసులో తలుచుకున్నాను. పొగమంచుకి మిషన్ ఎక్కడ తెచ్చేది? సాంబ్రాణి వేశాం. ముగ్గురం దగ్గి చచ్చాం.

పిల్ల దిగింది. పాదాలకి గజ్జెలు! అక్క ఎప్పుడు దించి ఇచ్చిందో మరి. "ఆటలో పిల్లకి గజ్జెలు లేవు కదే?" అన్నాను.

"ఫోటోలో మోగవు కదా మావయ్యా, ఎవరికి తెలుస్తుంది?"

అరమండిలో కూర్చుంది. పది క్షణాలు. కాళ్లు వణికాయి. నీళ్లు కదిలి నీడ చెదిరింది. లేచింది. నీళ్లు నిలకడయ్యేదాకా ఆగి మళ్లీ కూర్చుంది. మళ్లీ వణుకు. ఆరుసార్లు! "నావల్ల కావట్లేదు మావయ్యా, మర్చిపోయాను" అంది. విగ్గు కింద చెమట ధారలు కడుతోంది.

సరిగ్గా అప్పుడే బావగారు వచ్చారు, కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి. గుమ్మంలో నిలబడి నీళ్లూ, కొమ్ములూ, పొగా అన్నీ చూశారు. గజ్జెలూ చూశారు. నా గుండె జారింది. మాట కలపడానికి ఇంకేం తోచక, "బావగారూ, కాస్త ఆ థర్మాకోల్ అట్ట పట్టుకోండి, ముఖమ్మీద వెలుగు చాలట్లేదు" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, నీళ్లలోకొచ్చి అట్ట పట్టుకున్నారు. ఓ నిమిషం పిల్ల కాళ్లవంకే చూసి అన్నారు:

"ఎడమకాలిది వదులుగా కట్టావు. నీకెప్పుడూ అదే అలవాటు."

అది వంగి బిగించుకుని మళ్లీ కూర్చుంది. ఈసారి కాళ్లు వణికాయో లేదో నేను చూడలేదు, నా కన్ను కెమెరాలో ఉంది. తీసిన ముప్ఫై ఎనిమిదింటిలో అది ఎంచుకున్నది ఆ ఫోటోనే. ఓ మూల బావగారి బొటనవేలు కూడా పడింది. చెరిపేస్తానంటే ఒప్పుకోలేదు.