యూనిట్ - 9: ప్రాజెక్టు పనిగా స్థానిక గోల్ఫ్ పోటీ నిర్వహణలో సహాయం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:
• గోల్ఫ్ పోటీ నిర్వహణకు అవసరమైన మేరకు ఆట నియమాలను వివరించగలుగుతారు.
• ఆటగాళ్ల సంఖ్యనుబట్టి పోటీ సమయాన్ని లెక్కించగలుగుతారు.
• సమతుల్య స్థానం ఆధారంగా పోటీ బడ్జెట్ తయారు చేయగలుగుతారు.
• స్కోరు కార్డుల పరిశీలనలో పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.
• ప్రాజెక్టు నివేదికను నిజాయితీగా రూపొందించగలుగుతారు.

9.1 ప్రవేశిక

మీలో చాలామంది గోల్ఫ్ క్లబ్‌ను చేత్తో పట్టుకొని ఉండరు. కొందరు గోల్ఫ్ మైదానం గేటు దాటి లోపలికి వెళ్లి కూడా ఉండరు. "ఇది మనలాంటివాళ్ల ఆట కాదు, ఇందులో మనకేం పని?" అన్న సందేహం మీకు కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం చెప్పడం కూడా ఈ యూనిట్ ఉద్దేశాల్లో ఒకటి. పోటీని నిర్వహించడానికి బంతి కొట్టే నేర్పు అవసరం లేదు. జాబితా రాయడం, సమయం లెక్కించడం, డబ్బుకు లెక్క చెప్పడం, నలుగురితో మర్యాదగా మాట్లాడడం, అవసరమైనప్పుడు "కుదరదండీ" అనగలగడం కావాలి. ఇంట్లో ఒక్క పెళ్లి పనులు చూసినవారికి ఇందులో సగం ఇప్పటికే తెలుసు.

భారతదేశంలో గోల్ఫ్‌కు పాత చరిత్ర ఉంది. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో ఏర్పడింది. మన ప్రాంతంలో గోల్కొండ కోటలోని నయా ఖిల్లా వద్ద, గచ్చిబౌలిలో, విశాఖపట్నంలో గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. 2016లో రియో ఒలింపిక్స్‌లో గోల్ఫ్‌ను తిరిగి చేర్చారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలవడంతో, అంతవరకు ఈ ఆటను చూడనివారు కూడా టీవీల ముందు కూర్చున్నారు.

9.2 నిర్వాహకులకు అవసరమైన ఆట పరిజ్ఞానం

9.2.1 పార్: పూర్తి గోల్ఫ్ మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌ను నిపుణుడైన ఆటగాడు ఎన్ని దెబ్బల్లో పూర్తి చేయాలో ఆ సంఖ్యను 'పార్' అంటారు. సాధారణంగా ఇది 3, 4 లేదా 5 ఉంటుంది. చాలా మైదానాల్లో మొత్తం పార్ 72 లేదా దానికి దగ్గరగా ఉంటుంది. తక్కువ దెబ్బల్లో పూర్తి చేసినవారే గెలుస్తారు.

9.2.2 హ్యాండీక్యాప్: కొత్తగా నేర్చుకున్నవారు, ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవారు ఒకే పోటీలో ఆడడానికి వీలు కల్పించే ఏర్పాటు ఇది. హ్యాండీక్యాప్ 18 ఉన్న ఆటగాడికి ప్రతి హోల్‌కు ఒక దెబ్బ తగ్గిస్తారు. హ్యాండీక్యాప్ 10 ఉంటే, కార్డుపై 'స్ట్రోక్ ఇండెక్స్' 1 నుంచి 10 వరకు ఉన్న హోల్స్‌లో మాత్రమే ఒక్కో దెబ్బ తగ్గిస్తారు. 2020 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఒకే హ్యాండీక్యాప్ విధానం అమలులోకి వచ్చింది. ఇందులో గరిష్ఠ హ్యాండీక్యాప్ ఇండెక్స్ 54.

9.2.3 స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి: స్థానిక పోటీలకు ఇది అనువైనది. డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ రూపొందించిన ఈ పద్ధతిలో 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో పోటీ జరిగింది. ఇందులో దెబ్బలకు బదులు పాయింట్లు లెక్కిస్తారు. హ్యాండీక్యాప్ తగ్గించిన తరువాత వచ్చిన నికర స్కోరుకు పాయింట్లు ఇలా ఉంటాయి:

పార్ కంటే రెండు తక్కువ - 4 పాయింట్లు
పార్ కంటే ఒకటి తక్కువ - 3 పాయింట్లు
పార్‌కు సమానం - 2 పాయింట్లు
పార్ కంటే ఒకటి ఎక్కువ - 1 పాయింటు
పార్ కంటే రెండు లేదా అంతకుమించి ఎక్కువ - 0

ఉదాహరణ: హ్యాండీక్యాప్ 18 ఉన్న ఆటగాడు పార్ 4 హోల్‌ను 5 దెబ్బల్లో పూర్తి చేశాడు. ఒక దెబ్బ తగ్గిస్తే నికర స్కోరు 4. అది పార్‌కు సమానం కాబట్టి అతనికి 2 పాయింట్లు వస్తాయి.

ఒక హోల్‌లో పాయింటు రాదని తేలిపోతే ఆటగాడు బంతిని తీసుకొని తరువాతి హోల్‌కు వెళ్లవచ్చు. దీనివల్ల సమయం కలిసివస్తుంది. ఒక్క హోల్‌లో పది దెబ్బలు కొట్టినంత మాత్రాన రోజంతా పాడుకాదు.

9.3 తేదీ, సమయం, ఆరంభ విధానం

మన రాష్ట్రాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న కాలం ఈ పోటీలకు అనుకూలం. వేసవిలో వడదెబ్బ, వానాకాలంలో పిడుగుల ప్రమాదం ఉంటాయి. తేదీ అనుకోగానే క్లబ్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. "ఫోన్లో సరేనన్నారు" అన్నది అనుమతి కాదు.

తరువాత సమయాన్ని లెక్కించండి. 72 మంది ఆటగాళ్లు నలుగురు చొప్పున ఆడితే 18 జట్లు అవుతాయి. ఒక జట్టు 18 హోల్స్ ఆడడానికి 4 గంటల 45 నిమిషాలు పడుతుందనుకుందాం.

(అ) వరుస ఆరంభం: అన్ని జట్లూ మొదటి హోల్ నుంచే 10 నిమిషాల తేడాతో బయలుదేరతాయి. మొదటి జట్టు ఉదయం 7.00కు బయలుదేరితే, పద్దెనిమిదో జట్టు 170 నిమిషాల తరువాత, అంటే 9.50కి బయలుదేరుతుంది. ఆ జట్టు ఆట ముగిసేది మధ్యాహ్నం 2.35కు. మొదటి జట్టు 11.45కే ముగించి, బహుమతి ప్రదానం కోసం దాదాపు మూడు గంటలు ఎదురుచూస్తుంది.

(ఆ) షాట్‌గన్ ఆరంభం: 18 జట్లూ 18 హోల్స్ వద్ద నిలబడి, సైరన్ మోగగానే ఒకేసారి మొదలుపెడతాయి. అందరూ 11.45 ప్రాంతంలో ముగిస్తారు. అయితే ప్రతి జట్టూ 7.00 గంటలకు ముందే తన హోల్‌కు చేరాలి. దారి చూపే పని మీదే కనుక, ముందురోజు మైదానమంతా ఒకసారి నడిచి చూడండి. కాగితం మీద పక్కపక్కన కనిపించే హోల్స్ మధ్య నడక దూరం మీరనుకున్నదానికంటే ఎక్కువ ఉండవచ్చు.

9.4 బడ్జెట్

కింది అంకెలు అభ్యాసం కోసం ఇచ్చిన ఊహాత్మక అంకెలు.

స్థిర వ్యయం: మైదానం అద్దె రూ. 80,000, బహుమతులు రూ. 30,000, అంబులెన్సు, ప్రథమ చికిత్స రూ. 15,000, ముద్రణ, బ్యానర్లు రూ. 15,000, ఇతరాలు రూ. 10,000. మొత్తం రూ. 1,50,000.

ఒక్కో ఆటగాడికి అయ్యే చర వ్యయం: టిఫిన్, భోజనం రూ. 700, క్యాడీ కూలి రూ. 500; టోపీ రూ. 250, నీళ్లు, మజ్జిగ రూ. 50. మొత్తం రూ. 1,500.

ప్రవేశ రుసుము రూ. 3,000 అయితే, చర వ్యయం పోగా ఒక్కో ఆటగాడి నుంచి మిగిలేది రూ. 1,500. స్థిర వ్యయాన్ని దీనితో భాగిస్తే సమతుల్య స్థానం 100 మంది ఆటగాళ్లు. కాని మనం తీసుకోగలిగింది 72 మందినే! చోటంతా నిండినా రూ. 1,08,000 మాత్రమే వస్తుంది; రూ. 42,000 లోటు పడుతుంది. సమతుల్య స్థానాన్ని కనుక్కోవడంతోనే పని ముగియదు, ఆ సంఖ్య మన సామర్థ్యంలో ఇముడుతుందో లేదో చూడాలని దీనివల్ల తెలుస్తుంది.

ఈ లోటును స్పాన్సర్ల ద్వారా పూడ్చవచ్చు. హోల్ పక్కన పెట్టే ఒక్కో ప్రకటన బోర్డుకు రూ. 5,000 చొప్పున 9 బోర్డులకు దాతలు దొరికితే రూ. 45,000 వస్తాయి. అంటే మిగులు రూ. 3,000. అయితే 12 మంది చివరి నిమిషంలో రాకపోతే పరిస్థితి ఏమిటి? 60 మంది నుంచి రూ. 90,000, బోర్డుల నుంచి రూ. 45,000, కలిపి రూ. 1,35,000. నష్టం రూ. 15,000. ఆ నష్టం ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే చివరకు అది నోరులేనివారి మీద పడుతుంది. అది క్యాడీ కూలి కావచ్చు, విద్యార్థి జేబు కావచ్చు. రుసుము ముందుగానే వసూలు చేయడం, క్యాడీల కూలిని విడిగా తీసిపెట్టి ఆ రోజే చెల్లించడం పాటించవలసిన నియమాలు.

ఇలాంటి పోటీలను తరచుగా ఒక మంచి పని కోసం నిర్వహిస్తారు. మైదానంలో గడ్డి కోసే కార్మికుల పిల్లలకు పుస్తకాలు కొనడం కోసమనుకుందాం. కరపత్రం మీద "మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే" అని రాయాలనిపిస్తుంది. పై లెక్క ప్రకారం 72 మందీ వచ్చినా, 9 బోర్డులూ అమ్ముడైనా పిల్లలకు చేరేది రూ. 3,000 మాత్రమే. మొత్తం 18 బోర్డులూ అమ్ముడైతే రూ. 48,000 చేరుతుంది. కాబట్టి "ఖర్చులు పోగా మిగిలినది" అని రాయండి. పోటీ తరువాత ఆ మిగులు ఎంతో అందరికీ తెలియజేయండి.

9.5 పోటీ రోజు

మీ బృందంలోని పనులను ముందే పంచుకోండి: నమోదు బల్ల, దారి చూపడం, బంతి ఎక్కడ పడిందో చూడడం, నీటి సరఫరా, స్కోరు బల్ల. మైదానంలో ఉండే ప్రతి ఒక్కరూ ఈ కింది అంశాలు తెలుసుకోవాలి:

• ఆటగాడు బంతి కొట్టేటప్పుడు మాట్లాడకూడదు, కదలకూడదు. ఫోన్ మోగకూడదు.
• బంతికి ముందువైపు ఎప్పుడూ నిలబడకూడదు. "ఫోర్!" అన్న కేక వినబడితే తల ఎత్తి చూడవద్దు, చేతులతో తల కప్పుకొని వంగండి.
• బంతి కనబడకపోతే వెతకడానికి అనుమతించే సమయం 3 నిమిషాలు. 2019కి ముందు ఇది 5 నిమిషాలు.
• ఒక దీర్ఘమైన సైరన్ మోగితే ఆట వెంటనే ఆపాలని అర్థం. సాధారణంగా ఇది పిడుగుల ప్రమాదం ఉన్నప్పుడు వినిపిస్తుంది. మూడు వరుస సైరన్లు సాధారణ విరామానికి, రెండు చిన్న సైరన్లు తిరిగి ఆరంభించడానికి సంకేతాలు. షాట్‌గన్ ఆరంభానికీ సైరన్ వాడతారు కనుక ఈ తేడాను ఆటగాళ్లకు ముందే చెప్పాలి.

ఉరుము వినబడితే చెట్ల కింద నిలబడకుండా క్లబ్ భవనంలోకి చేరాలి. ఆట ఆపే అధికారం పోటీ కమిటీది. ఆకాశాన్ని గమనించి కమిటీకి వెంటనే చెప్పే బాధ్యత మాత్రం మీరూ తీసుకోవచ్చు.

9.6 స్కోరు బల్ల

పోటీలో అన్నిటికన్నా సున్నితమైన చోటు ఇదే. గోల్ఫ్‌లో చాలావరకు పక్కన అంపైరు ఉండడు. ఒకరి స్కోరును తోటి ఆటగాడు రాస్తాడు. ఆటగాడు సరిచూసుకొని, ఇద్దరూ సంతకం చేస్తారు.

1968 ఏప్రిల్‌లో అమెరికాలోని అగస్టాలో జరిగిన మాస్టర్స్ పోటీ చివరి రోజున అర్జెంటీనా ఆటగాడు రొబెర్తో డి విసెంజో 17వ హోల్‌ను 3 దెబ్బల్లో పూర్తి చేశాడు. అతని కార్డు రాస్తున్న తోటి ఆటగాడు టామీ ఆరన్ పొరపాటున 4 అని రాశాడు. డి విసెంజో అది గమనించకుండా సంతకం చేశాడు. నియమం ప్రకారం ఎక్కువగా రాసిన స్కోరే ఖాయమైంది. సమంగా నిలవవలసినవాడు ఒక్క దెబ్బ తేడాతో బాబ్ గోల్బీకి వెనుకబడ్డాడు. ఆ రోజు అతని 45వ పుట్టినరోజు.

హోల్‌వారీ స్కోరు సరిగా ఉండడం ఆటగాడి బాధ్యత. ఉన్నదానికన్నా తక్కువ రాసి సంతకం చేస్తే సాధారణంగా అనర్హత వేటు పడుతుంది. కాని స్కోర్ల కూడిక బాధ్యత కమిటీది. అంటే ఆ బల్ల వద్ద కూర్చున్న మీది. ప్రతి కార్డునూ ఇద్దరు విడివిడిగా కూడాలి. రెండు మొత్తాలూ కలిస్తేనే బోర్డు మీద రాయాలి.

ఒక సందర్భాన్ని ఊహించండి. అధిక విరాళం ఇచ్చిన ఒక పెద్దమనిషి, సంతకం చేసిన కార్డు ఇచ్చేసిన తరువాత తిరిగి వచ్చి, "బాబూ, ఆ ఏడో హోల్‌లో 6 కాదు, 5 చేయి" అన్నారు. మీరేం చేయాలి? కార్డు దిద్దకూడదు. ఆయనతో వాదించనూకూడదు. "ఈ విషయం కమిటీ తేల్చాలండీ, ఇప్పుడే వారిని పిలుస్తాను" అని చెప్పి, కార్డును కమిటీకి అప్పగించాలి. మిగతా 71 మందీ తమ కార్డులను మీ మీద నమ్మకంతోనే ఆ బల్ల మీద పెట్టారని గుర్తుంచుకోండి.

పాయింట్లు సమానమైతే సాధారణంగా చివరి 9 హోల్స్, తరువాత చివరి 6, 3, 1 హోల్స్ పాయింట్లు పోల్చి విజేతను నిర్ణయిస్తారు. షాట్‌గన్ ఆరంభంలో ఒక్కో జట్టు ఒక్కో హోల్‌తో ముగిస్తుంది. కనుక 'చివరి 9' అంటే 10 నుంచి 18 వరకు ఉన్న హోల్స్ అని ముందే ప్రకటించాలి. హ్యాండీక్యాప్ పోటీలో ఔత్సాహిక ఆటగాళ్లకు నగదు బహుమతి ఇవ్వకూడదని కూడా గమనించండి.

9.7 ప్రాజెక్టు నివేదిక

నివేదికలో ప్రణాళిక, రోజువారీ డైరీ, ఆదాయ వ్యయాలు, మూల్యాంకనం అనే నాలుగు భాగాలు ఉండాలి. అంచనా, వాస్తవం పక్కపక్కన రాయండి. భోజనం ఆలస్యమైతే, జట్లు దారి తప్పితే, నష్టం వస్తే దాచకుండా కారణంతో సహా రాయండి. పరీక్షకులు చూసేది పోటీ ఎంత ఘనంగా జరిగిందని కాదు, మీరు ఏం నేర్చుకున్నారని. అంతా సవ్యంగా జరిగిందని రాసిన నివేదికకన్నా, ఏది ఎందుకు తప్పిందో చెప్పిన నివేదిక తరువాతి బృందానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

9.8 సారాంశం

స్థానిక గోల్ఫ్ పోటీకి సహాయపడడానికి ఆట నైపుణ్యం అవసరం లేదు. పార్, హ్యాండీక్యాప్, స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లు తెలిస్తే చాలు. షాట్‌గన్ ఆరంభం సమయాన్ని ఆదా చేస్తుంది. సమతుల్య స్థానాన్ని మైదానం సామర్థ్యంతో పోల్చి చూడాలి. స్కోరు బల్ల వద్ద, లెక్కల పుస్తకంలో, నివేదికలో కావలసిన గుణం ఒక్కటే: ఉన్నది ఉన్నట్లు రాయడం.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హ్యాండీక్యాప్ 10 ఉన్న ఆటగాడు స్ట్రోక్ ఇండెక్స్ 12 ఉన్న పార్ 4 హోల్‌ను 5 దెబ్బల్లో పూర్తి చేశాడు. ఎన్ని పాయింట్లు?
2. 9.4లోని లెక్కలో స్పాన్సర్లు లేకుండా 72 మందితో నష్టం లేకుండా ఉండాలంటే కనీస రుసుము ఎంత?
3. మీ జిల్లాలో గోల్ఫ్ మైదానం లేదు. సంక్రాంతికి మీ ఊళ్లో 16 జట్లతో నాకౌట్ వాలీబాల్ పోటీ పెడుతున్నారు. మొత్తం ఎన్ని మ్యాచ్‌లు జరుగుతాయి? ఈ యూనిట్‌లోని ఏ అంశాలు అక్కడ వర్తిస్తాయి?

జవాబులు: 1. 1 పాయింటు (ఆ హోల్‌లో దెబ్బ తగ్గించరు). 2. ఒక్కొక్కరిపై అదనంగా రూ. 583.33 పడుతుంది, కనుక పూర్తి రూపాయల్లో రూ. 3,584. 3. 15 మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌లో ఒక జట్టు నిష్క్రమిస్తుంది. విజేత మిగలాలంటే 15 జట్లు నిష్క్రమించాలి. రెండో భాగానికి జవాబు మీ ఊరి పరిస్థితినిబట్టి మీరే రాయండి.