పాత కారునకు టర్బో ఇంజను

గత వేసవిలో ముత్తంగినుండి మాకొక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు అన్నదమ్ములు ఇద్దరు. వారి తండ్రిగారు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చిరకాలము పనిచేసి, 1972 నాటి అంబాసిడరు కారును ఒకదానిని కొని, దానిని ఇంటి బిడ్డవలె చూచుకొనిరట. ఆయన గతించిన తరువాత ఇంజను బోరుకు వచ్చి, నీలిపొగ గ్రక్కి, కడకు బిగుసుకొనిపోయినది. రెండేండ్లుగా కారు వేపచెట్టు క్రింద నిలిచియున్నది. "మా అమ్మగారు దానిని అమ్మనీయరు. నడువని కారును చూచి కంట తడిపెట్టుట మానరు. మాకు పాత సామానుల బజారులో ఒక టర్బో డీజిలు ఇంజను దొరికినది. దానిని ఇంటివద్దనే ఈ కారునకు బిగింపవచ్చునా? దయచేసి వివరింపుడు" అని వారి కోరిక.

ఇట్టి ప్రశ్నకు అవుననిగాని కాదనిగాని ఒక్క మాటలో బదులు చెప్పరాదు. మేము ఒక ఆదివారమునాడు ముత్తంగి వెళ్లి కారును, ఇంజనును చూచి వచ్చితిమి. అక్కడ తెలిసికొన్నదానిని, ఈ విషయమున తెలియవలసినదానిని శ్రోతలందరికిని ఉపయోగపడునట్లు ఇక్కడ వివరించుచున్నాము.

మొదట టర్బో అనగానేమో చూతము. ఇంజను మండించునది ఇంధనమును మాత్రమే కాదు, ఇంధనముతోపాటు గాలినికూడ. గాలి ఎంత లోపలికి పోవునో అంతకు తగిన ఇంధనమే మండును. పిస్టను క్రిందికి దిగునపుడు తనంత తాను పీల్చుకొనగల గాలికి ఒక మేర యున్నది. ఆ మేరను దాటవలెనన్నచో ఇంజనునైన పెద్దది చేయవలెను, లేదా గాలినైన బలవంతముగా లోపలికి నెట్టవలెను. ఈ రెండవ ఉపాయమే టర్బో.

నెట్టుటకు శక్తి ఎక్కడిది? ఇంధనములోని వేడిలో సుమారు మూడవ వంతు సైలెన్సరు గొట్టము ద్వారా వృథాగా వెలికి పోవుచున్నది. ఆ వేడివాయువుల త్రోవలో ఒక చిన్న చక్రము నుంచినచో అది గిరగిర తిరుగును. అదే ఇరుసు రెండవ కొనకు మరియొక చక్రమును తగిలించినచో అది బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోనికి పంపును. మొదటిది టర్బైను, రెండవది కంప్రెసరు. ముత్తంగి వారికి ఈ మాటలు క్రొత్తవి కావు. సమీపముననున్న రామచంద్రాపురపు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమున టర్బైనులును కంప్రెసర్లును తయారగుచున్నవి. అక్కడ మనుష్యుని మించిన ఎత్తున నుండు యంత్రముల తత్త్వమే ఇక్కడ అరచేతిలో ఇమిడినది. ఒక్కటే భేదము: ఈ చిన్న చక్రము నిమిషమునకు లక్ష చుట్లకుపైగా తిరుగును.

ఈ ఉపాయమును కనిపెట్టినవాడు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ. ఆయన 1905 లో దీనికి పేటెంటు పొందెను. 1918 లో అమెరికాయందు శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు ఒక విమానపు ఇంజనును 4,300 మీటర్ల ఎత్తైన పైక్స్ శిఖరము మీదికి చేర్చి పరీక్షించెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను, పలుచని గాలిలో 230 కి పడిపోయి, టర్బో తగిలింపగనే 356 కు లేచినది. 1920 లలో బ్యూషీ పద్ధతిని రెండు జర్మను ఓడలకు అమర్పగా, వాని ఇంజనుల శక్తి 1,750 నుండి 2,500 అశ్వశక్తికి పెరిగినది. కార్లలోనికి టర్బో వచ్చినది 1962 లో. ఆ యేట అమెరికాలో ఓల్డ్స్‌మొబీలు, షెవర్లే సంస్థలు టర్బో కార్లను అమ్మినవి. మన దేశమున 2007 లో స్విఫ్టు కారునందు వచ్చిన 1,248 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను టర్బోను సామాన్య గృహస్థుని వాకిటికి తెచ్చినది. ముత్తంగి సోదరులు కొన్న ఇంజను ఈ జాతిదే.

ఇక గాలిని నొక్కుటలోని కిటుకును గమనింపవలెను. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనమెరిగినదే. ఇక్కడను అంతే. వేసవిలో 40 డిగ్రీల గాలిని తీసికొని ఒకటిన్నర రెట్ల ఒత్తిడికి నొక్కినచో, అది రమారమి 95 డిగ్రీలకు వేడెక్కును. వేడిగాలి వ్యాకోచించును గనుక, ఒత్తిడి ఒకటిన్నర రెట్లు పెరిగినను లోపలికి పోవు గాలి బరువు 28 పాళ్లు మాత్రమే పెరుగును. అదే గాలిని నడుమ ఒక జల్లెడవంటి రేడియేటరు గుండ పంపి 55 డిగ్రీలకు చల్లార్చినచో, పెరుగుదల 43 పాళ్లకు చేరును. ఈ చల్లార్చు పరికరమే ఇంటరుకూలరు. దానిని అనవసరపు అలంకారమని వదలివేయువారు టర్బో ఫలమును చాలవరకు పోగొట్టుకొందురు.

ఒకని కారులోని ఇంజనును తీసి మరియొకటి పెట్టుట మన దేశమున క్రొత్త కాదు. అంబాసిడరు కథయే అందుకు సాక్ష్యము. ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై 1950 ల చివర మొదలై, 2014 లో ఉత్పత్తి ఆగిపోవువరకు, ఆ కారు పైరూపు పెద్దగా మారలేదు. మారినవి లోపలి ఇంజనులు. పెట్రోలు ధర పెరిగిన కాలమున టాక్సీలవారు పెట్రోలు ఇంజనులను తీయించి డీజిలువి పెట్టించుకొనిరి. తరువాత కంపెనీయే డీజిలు అంబాసిడరును అమ్మినది. 1990 లలో జపాను వారి ఇసుజు 1,800 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, అయిదు గేర్లతో, ఆ పాత దేహమునందే అమర్చినది. కాని కంపెనీ మార్చినపుడు దానివెనుక నమూనాలు, పరీక్షలు, ప్రభుత్వపు అంగీకారము ఉండును. వేపచెట్టు క్రింద మార్చినపుడు ఇవన్నియు మనమే చూచుకొనవలెను.

ముత్తంగి పెరటిలో మాకు కనబడిన చిక్కులను వరుసగా చెప్పుదము. మొదటిది అమరిక. అంబాసిడరులో ఇంజను నిలువుగా కూర్చుండి, పొడవైన షాఫ్టు ద్వారా వెనుక చక్రములను త్రిప్పును. వారు కొన్న ఇంజను తన కారులో అడ్డముగా కూర్చుండి, ప్రక్కనున్న గేరుబాక్సు ద్వారా ముందు చక్రములను త్రిప్పునది. దానిని నిలువుగా త్రిప్పి పాత గేరుబాక్సుతో కలుపవలెనన్నచో, నడుమ లేతు మీద తీసిన ఒక దళసరి పళ్లెము కావలెను. ఆ పళ్లెము కేంద్రము వెండ్రుకవాసి తప్పినను, క్లచ్చియు బేరింగులును కొలది దినములలోనే అరిగిపోవును. ఆయిలు తొట్టి అడుగున ముందు ఇరుసు భాగమునకు తగులకుండవలెను, పైన బోనెట్టు మూయబడవలెను.

రెండవది భారము. నూరు కిలోలకు మించిన ఇంజనును చెట్టుకొమ్మకు చైను కప్పీ కట్టి లేపవలెనని అన్నదమ్ములు తలంచిరి. ఎండిన వేపకొమ్మ ఎప్పుడు విరుగునో ఎవరికి తెలియును? ఇనుప ముక్కాలిపీటయో, గ్యారేజీవారి క్రేనో అద్దెకు తెచ్చుకొనవలెను. వ్రేలాడు ఇంజను క్రింద చేయిగాని కాలుగాని పెట్టరాదు.

మూడవది ఆయిలు. టర్బో ఇరుసు పలుచని ఆయిలు పొరమీద తేలుచు తిరుగును. ఆయిలు వచ్చు గొట్టము సన్ననిదైనను, వెనుకకు పోవు గొట్టము వెడల్పుగా, నిటారుగా క్రిందికి దిగవలెను. ఇది మాకు అనుభవపూర్వకముగా తెలిసిన విషయము. కొన్నేండ్ల క్రిందట మా మిత్రబృందము ఒక పాత జీపునకు టర్బో బిగించినపుడు, చోటు చాలక ఆ గొట్టమును అడ్డముగా త్రిప్పితిమి. ఆయిలు వెనుకకు పోలేక టర్బోలోనే నిలిచి, సీళ్లను దాటి, ఇంజనులోనికే కారినది. రెండు వందల కిలోమీటర్లైన పోకముందే టర్బో పాడైనది. గొట్టపు వంపు నొకదానిని అలక్ష్యము చేసినందుకు నెల జీతము చెల్లించితిమి.

నాల్గవది విద్యుత్తు. ఈ కాలపు డీజిలు ఇంజను తీగలు లేక పలుకదు. గాలి, వేడి, ఒత్తిడి, వేగము అన్నిటిని కొలుచు సాధనములు, వానిని చదివి ఇంధనమును విడుచు ఎలక్ట్రానికు పెట్టె యున్నగాని అది కదలదు. ఇంజనుతోపాటు ఆ పెట్టెను, తీగలకట్టను, తాళపుచెవిని సయితము అదే కారునుండి తీసికొనవలెను. సోదరులు కొన్న ఇంజనుకు తీగలకట్ట కత్తిరింపబడియున్నది. ఇంకొక హెచ్చరిక: ఇందులో డీజిలు వెయ్యి వాతావరణములకు మించిన ఒత్తిడితో నుండును. ఇంజను నడుచుచుండగా గొట్టమెక్కడ కారుచున్నదో అని వ్రేలు పెట్టి చూచినచో, ఆ సన్నని ధార చర్మమును చీల్చి లోపలికి పోవును. పైకి సూదిమొనంత గాయమే కనబడినను, తక్షణము ఆసుపత్రికి పోనిచో వ్రేలే పోవచ్చును.

అయిదవది అన్నింటికంటె ముఖ్యము, బ్రేకులు. 1972 నాటి ఆ కారునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. అవి నాటి ఇంజను వేగమునకు తగినవి. కారు వేగము 60 నుండి 90 కిలోమీటర్లకు పెరిగినచో, ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అగును. ముత్తంగివద్ద ముంబయి రహదారియు బాహ్యవలయ రహదారియు కలియుచున్నవి. భారీ లారీల నడుమ పరుగుదీయు కారునకు వేగముకంటె నిలుకడ ముఖ్యము. బ్రేకులు, స్టీరింగు, వెనుక ఇరుసు, టైర్లు బలపరుపక ఇంజనును మాత్రము మార్చుట, ఎద్దుబండికి గుఱ్ఱమును కట్టి పగ్గము మరచుటయే.

ఇక చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52 వ సెక్షను ప్రకారము, వాహనపు ఆర్.సి. లోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు యజమాని మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా పునరుద్ఘాటించినది. అదే యేట సవరింపబడిన చట్టము ప్రకారము, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జరిమానాగాని, ఆరు నెలల వరకు జైలుగాని, రెండునుగాని విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు బీమా కంపెనీ ఈ కారణమునే చూపి పరిహారము నిరాకరించు అపాయము కూడ ఉన్నది.

మరియొక విశేషము. యాబదియేండ్లు దాటిన పాత వాహనములకు 2021 లో కేంద్రప్రభుత్వము వింటేజి రిజిస్ట్రేషను అను ప్రత్యేక పద్ధతిని ఏర్పరచినది. కాని ఛాసీ, దేహము, ఇంజను తమ అసలు రూపముననే ఉండవలెననుట దాని నియమము. 1972 నాటి కారునకు ఆ వయస్సు నిండినది. ఆ గౌరవమునకు అర్హమగు కారును, ఇంజను మార్చి, అనర్హముగా చేయుట తగునా అని మేము సోదరులను అడిగితిమి.

పెద్దవాడు మౌనముగా నుండెను. చిన్నవాని ముఖము చిన్నబోయినది. అప్పుడు వారి తల్లిగారు కాఫీ గ్లాసులతో వచ్చి, "మీ నాయన ఈ కారులో ఎన్నడును తొందరపడి పోలేదురా, ఇప్పుడు మీకెందుకు తొందర?" అనిరి. ఆ మాటకు మేము చెప్పవలసినదేమియు మిగులలేదు.

నాటి నిర్ణయమిది. పాత ఇంజనును విప్పి బోరు చేయించి, క్రొత్త పిస్టనులు, రింగులు, బేరింగులు వేయించుట. బ్రేకులను పూర్తిగా సరిచేయించుట. టర్బో ఇంజనును మాత్రము చిన్నవాడు అమ్మలేదు. ఇనుప చట్రముపై నిలిపి, విడదీసి నేర్చుకొందునని చెప్పెను. మేము బయలుదేరునపుడు టర్బోను చేతబట్టుకొని గొట్టములోనికి ఊదుచుండెను. చక్రము నెమ్మదిగా తిరుగుచుండగా తల్లిగారు వంగి చూచుచుండిరి.

ఇంటిలో టర్బో కారున్న శ్రోతలు ఒక చిన్న విషయము జ్ఞాపకముంచుకొనవలెను. దూరప్రయాణము చేసి వచ్చినపుడు, లేదా ఘాటు రహదారి ఎక్కి దిగినపుడు, ఇంజనును వెంటనే ఆపరాదు. ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చినచో టర్బో చల్లారును, ఆయిలు మాడదు. ఆయిలును గడువు దాటకుండ మార్పింపుడు. ఇంజనును మార్పదలచినవారు మాత్రము ఒక్క బోల్టైన విప్పకముందు ఆర్.సి. పుస్తకముతో రవాణా శాఖ కార్యాలయమునకు వెళ్లి, ఏది అనుమతింపబడునో అడిగి, వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను.