ఫ్రీ వైఫైలో బ్యాంక్ యాప్ తెరవలేదు, అయినా వాట్సాప్ పోయింది

ఈరోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడుతున్నా. పోయిన సంవత్సరం పబ్లిక్ వైఫై మీద ఒక వీడియో చేశాను, మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో నేను గట్టిగా చెప్పింది ఒకటే: "పబ్లిక్ వైఫైలో బ్యాంక్ యాప్ తెరవకండి, మిగతాదంతా ఓకే." ఆ వీడియో చూసినవాళ్ళలో మా బాబాయి కొడుకు కూడా ఉన్నాడు. డిగ్రీ ఫైనలియర్. వాడికి జరిగింది చెప్తా, వాడిని అడిగే చెప్తున్నా.

రెండు నెలల క్రితం ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్ వచ్చాడు. బస్సులో రాత్రంతా రీల్స్ చూస్తూ వచ్చాడు కదా, రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ పొద్దున పదింటికే ఖాళీ. ఆఫీస్ ఎక్కడో మ్యాప్ చూడాలి, కాల్ లెటర్ మెయిల్‌లో ఉంది. పక్కనే ఒక కాఫీ షాప్. ఫోన్‌లో వైఫై ఆన్ చేస్తే ఆ షాప్ పేరు, దాని పక్కన 'ఫ్రీ' అని కనపడింది. నొక్కాడు. ఒక పేజీ వచ్చింది, షాప్ లోగోతో సహా. మొబైల్ నంబర్ ఇవ్వమంది, ఇచ్చాడు. ఆరంకెల ఓటీపీ వచ్చింది. నోటిఫికేషన్‌లోనే 'కాపీ' అని బటన్ వస్తుంది కదా, అది నొక్కి పేజీలో పేస్ట్ చేశాడు. నెట్ వచ్చింది. మ్యాప్ చూసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ నుంచి బయటికి వచ్చి చూస్తే వాట్సాప్ లాగౌట్ అయిపోయి ఉంది. ఈలోపు వాడి నంబర్ నుంచి అందరికీ మెసేజ్ వెళ్ళింది: "అర్జెంటుగా 5000 కావాలి, నా యూపీఐ పనిచేయట్లేదు, ఈ ఫ్రెండ్ నంబర్‌కి పంపు." మా పిన్ని పంపేసింది. కొడుకు ఒక్కడే సిటీకి వెళ్ళాడు, ఏం ఇబ్బంది వచ్చిందో ఏమో అని తల్లి ఆలోచిస్తుంది గానీ, నంబర్ వెరిఫై చేస్తుందా చెప్పండి. వాడి క్లాస్‌మేట్స్ ఇంకో ఇద్దరు కూడా పంపారు.

వాడు నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే బ్యాంక్ యాప్ ముట్టుకోలేదు."

నా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వాడి ఎస్ఎంఎస్‌లు తీసి చూశాం. ఆ ఓటీపీ వైఫైది కాదు. అది వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్. మెసేజ్‌లో వాట్సాప్ అని పేరు ఉంది, ఎవరికీ చెప్పొద్దని కూడా రాసి ఉంది. కానీ 'కాపీ' బటన్ ఉంటే మెసేజ్ ఎవరు చదువుతారు? నేనైనా చదవను, నిజం చెప్తున్నా. మర్నాడు ఆ షాప్‌కి వెళ్ళి అడిగితే, "మా దగ్గర ఫ్రీ వైఫై పేజీ ఏమీ లేదు సార్, పాస్‌వర్డ్ బిల్లు మీదే వస్తుంది" అన్నారు. అంటే ఎవడో చుట్టుపక్కల కూర్చుని, షాప్ పేరుతో తన హాట్‌స్పాట్ పెట్టి, మన వాడు నంబర్ టైప్ చేయగానే అదే నంబర్‌ని తన ఫోన్‌లో వాట్సాప్‌కి ఇచ్చాడు. కోడ్ మన వాడికి వచ్చింది, మన వాడు దాన్ని వాడి పేజీలోనే టైప్ చేశాడు. ఇందులో హ్యాకింగ్ అనేది ఎక్కడైనా ఉందా? లేదు. అడిగాడు, ఇచ్చాం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 'బ్యాంక్ యాప్ తెరవకండి' అనే సలహా ఎక్కడి నుంచి వచ్చింది? అది ఒకప్పుడు కరెక్టే. 2010లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ఒక యాడ్-ఆన్ రిలీజ్ చేశాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఓపెన్ వైఫైలో కూర్చుని దాన్ని ఆన్ చేస్తే, అదే వైఫైలో ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడుతున్నవాళ్ళ పేర్లు పక్కన లిస్టులా వచ్చేవి. పేరు మీద క్లిక్ చేస్తే వాళ్ళ అకౌంట్లోకి వెళ్ళిపోవడమే. ఎందుకంటే అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీ వరకే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత అంతా ఓపెన్‌గా పంపేవి. బట్లర్ ఉద్దేశం కూడా దొంగతనం కాదు, కంపెనీలకు సిగ్గు రావాలని. వచ్చింది కూడా. 2013 నాటికి ఫేస్‌బుక్ అందరికీ హెచ్‌టీటీపీఎస్ పెట్టేసింది. 2018 జూలై నుంచి క్రోమ్, హెచ్‌టీటీపీఎస్ లేని ప్రతి సైట్‌కీ 'నాట్ సెక్యూర్' అని ముద్ర వేయడం మొదలుపెట్టింది.

మీకు పోస్ట్‌కార్డు తెలుసో లేదో. అప్పట్లో నెట్ అంటే పోస్ట్‌కార్డు, పోస్ట్‌మ్యాన్ చదివేయొచ్చు. ఇప్పుడు అంటించిన కవరు. వైఫై నడిపేవాడికి కవరు మీద అడ్రస్ కనపడుతుంది, అంటే మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో మామూలుగా తెలుస్తుంది. లోపల ఏం రాశారో తెలీదు. మీ బ్యాంక్ యాప్ కూడా అలాంటి కవర్లోనే పంపుతుంది. యూపీఐ పిన్ అయితే ఫోన్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, పైగా యూపీఐ మీ సిమ్‌కీ ఫోన్‌కీ ముడిపడి ఉంటుంది. కాబట్టి నేను అప్పుడు చెప్పిన భయం ఇప్పుడు చాలావరకు పాతబడింది. నేను గాలిలో పోయే డేటా గురించి భయపెట్టాను. ప్రమాదమేమో నెట్ ఇచ్చేముందు వచ్చే ఆ పేజీలో ఉంది.

ఇది మా తమ్ముడి ఒక్కడి కథే అనుకోకండి. 2024లో ఆస్ట్రేలియాలో ఫెడరల్ పోలీసులు ఒకతని మీద కేసు పెట్టారు. విమానంలో వెళ్తుంటే అనుమానాస్పదంగా ఒక వైఫై కనపడుతోందని ఎయిర్‌లైన్ స్టాఫే కంప్లైంట్ ఇచ్చారు. వెతికితే అతని దగ్గర ఒక చిన్న వైర్‌లెస్ పరికరం, ల్యాప్‌టాప్, ఫోన్ దొరికాయి. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ ఎయిర్‌పోర్టుల్లో కూడా ఇలాంటి నకిలీ వైఫైలు వాడారని పోలీసులు చెప్పారు. కనెక్ట్ అయినవాళ్ళకి ఒక పేజీ వచ్చేది, ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా అకౌంట్‌తోనో లాగిన్ అవ్వమని. అక్కడా అంతే, ఎవరి ఎన్‌క్రిప్షనూ పగలగొట్టక్కర్లేదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. వైఫై పేరు అనేది పేరు మాత్రమే, లైసెన్స్ కాదు. ఇప్పుడే మీ ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌కి వెళ్ళి పేరు 'స్టేషన్ ఫ్రీ వైఫై' అని మార్చుకోవచ్చు, ఎవరూ ఆపరు. మీ ఫోన్‌కి కూడా తేడా తెలీదు. ఒకసారి ఓపెన్ వైఫైకి కనెక్ట్ అయి సేవ్ చేసుకుంటే, అదే పేరుతో ఇంకెక్కడ కనపడినా, మీకు చెప్పకుండానే అతుక్కుపోయే అవకాశం ఉంది. అందుకే వాడటం అయిపోయాక 'ఫర్గెట్' కొట్టండి, లేదా ఆ నెట్‌వర్క్‌కి 'ఆటో కనెక్ట్' తీసేయండి.

"పాస్‌వర్డ్ ఉన్న వైఫై సేఫ్ కదా అన్నా" అని అడుగుతారు. పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంటే అది మీకూ తెలుసు, వాడికీ తెలుసు. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఇంకో హాట్‌స్పాట్ పెట్టడం పెద్ద పని కాదు. హాస్టళ్ళు, పీజీలు, టిఫిన్ సెంటర్లు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

మరి ఆ పేజీ ఏం అడిగితే ఇవ్వొచ్చు? మన దగ్గర చాలాచోట్ల నంబర్ అడుగుతారు, ఓటీపీ పంపుతారు. రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ కూడా అలాగే చేస్తుంది. కాబట్టి నంబర్ అడగడం దానంతట అది తప్పు కాదు. కానీ ఓటీపీ వచ్చినప్పుడు 'కాపీ' నొక్కకుండా మెసేజ్ తెరిచి చదవండి. ఏ పేరుతో వచ్చింది, దేని కోసం అని రాశారు? వైఫై అని లేకుండా వాట్సాప్ అనో, బ్యాంక్ అనో, ఇంకేదో యాప్ అనో ఉంటే పేజీ మూసేసి, ఆ వైఫైలోంచి బయటికి వచ్చేయండి. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డో, జీమెయిల్ పాస్‌వర్డో అడిగితే ఇక ఆలోచించేదే లేదు, వెనక్కి రండి. 'ఈ యాప్ ఇన్‌స్టాల్ చేస్తే హై స్పీడ్' అని ఏపీకే ఇస్తే కూడా అంతే.

ఇంకోటి, బ్రౌజర్ 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్రగా వార్నింగ్ ఇస్తే, కింద చిన్న అక్షరాల్లో 'అయినా వెళ్ళు' అని ఉంటుంది. మనవాళ్ళకి అది నొక్కడం అలవాటు. అంటించిన కవరు చింపి ఉంది అని పోస్టాఫీసు వాళ్ళే చెప్తుంటే, పర్లేదు ఇచ్చేయండి అన్నట్టు అది. కొన్నిసార్లు వైఫై లాగిన్ పేజీ రాక ఈ వార్నింగ్ వస్తుంది. అప్పుడు నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఒక సైట్ ఉంది, కావాలనే హెచ్‌టీటీపీఎస్ లేకుండా పెట్టారు. అది తెరిస్తే లాగిన్ పేజీ మామూలుగా వచ్చేస్తుంది, వార్నింగ్ దాటాల్సిన పని ఉండదు.

వీపీఎన్ గురించి అడిగేవాళ్ళకి రెండు ముక్కలు. వీపీఎన్ పెడితే వైఫై వాడికి కనపడేది వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది, అంతే. ఒనావో అని ఫేస్‌బుక్‌దే ఒక ఫ్రీ వీపీఎన్ ఉండేది. జనం ఏ యాప్‌లు వాడుతున్నారో చూడటానికి ఆ డేటా వాడుకున్నారు. చివరికి 2018లో యాపిల్ ఒత్తిడితో యాప్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. ఫ్రీ వీపీఎన్ అంటే నాకు ఫ్రీ వైఫై కంటే ఎక్కువ అనుమానం. పైగా మా తమ్ముడు వీపీఎన్ పెట్టుకున్నా ఆ కోడ్ అలాగే టైప్ చేసేవాడు.

కొందరు ఇదంతా విని, అసలు పబ్లిక్ వైఫై వాడొద్దని చెప్పొచ్చు కదా అంటారు. చెప్పను. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో గూగుల్, రైల్‌టెల్ కలిసి స్టేషన్ వైఫై మొదలుపెట్టాయి. 2018లో ఎర్నాకుళం స్టేషన్లో కూలీగా పనిచేసే ఒకతను మూటలు మోస్తూ, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ వైఫైలోనే పాఠాలు వింటూ కేరళ పీఎస్సీ రాత పరీక్ష పాసయ్యాడు. నేనూ బీటెక్‌లో ఉన్నప్పుడు సెమిస్టర్ ముందు స్టేషన్‌కి వెళ్ళి లెక్చర్లు డౌన్‌లోడ్ చేసుకున్న బాపతే. అలాంటివాళ్ళకి 'వాడొద్దు' అని చెప్పడం తేలిక, ఎవరి దగ్గరా నిండుగా డేటా ఉండదు.

ఒక్క పని మాత్రం ఈ వీడియో పాజ్ చేసి చేయండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకోండి. మా వాడికి ఇది ఉండుంటే, ఓటీపీ ఇచ్చేసినా అవతలివాడు పిన్ దగ్గర ఆగిపోయేవాడు. మన వాడు పెట్టలేదు, కొట్టేసినవాడు పెట్టాడు! మళ్ళీ మన నంబర్‌తో రిజిస్టర్ చేస్తే వాడు లాగౌట్ అయ్యాడు గానీ, పిన్ తెలీదు కాబట్టి మనకి 7 రోజులు ఆగమని వచ్చింది. మీకెవరికైనా ఇలా జరిగితే ముందు వెంటనే అదే నంబర్‌తో మళ్ళీ రిజిస్టర్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మేము సాయంత్రం దాకా ఆలోచిస్తూ కూర్చున్నాం, డబ్బు ఇంకా రాలేదు.

ఆ 7 రోజుల్లోనే రెండో రౌండ్ ఇంటర్వ్యూ టైమింగ్ వాట్సాప్‌లో పంపారట. వాడు ఎనిమిదో రోజు చూశాడు. మెయిల్ పెట్టి అడిగితే, ఇంకో బ్యాచ్‌లో పిలుస్తామన్నారు, ఎదురుచూస్తున్నాడు. పిన్ని అయితే ఇప్పుడు నేను వంద రూపాయలు అడిగినా వీడియో కాల్ చేసి ముఖం చూశాకే పంపుతోంది.

పాత వీడియో డిలీట్ చేయలేదు. కింద కరెక్షన్ రాసి ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను. మీ ఊరి స్టేషన్లోనో బస్టాండ్లోనో వైఫై పేజీ ఏం అడుగుతోందో స్క్రీన్‌షాట్ తీసి పంపండి, మీ నంబర్ కనపడకుండా చూసుకోండి. కొన్నిటిని వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం. ఉంటాను.